మిషను ఇచ్చాం సరే, గిరాకీ ఎక్కడ?

1992 నుంచి 1995 దాకా మా మస్జిదులో జుమా నమాజు అయ్యాక బోస్నియా ముస్లిముల కోసం దుఆ చేసేవాళ్ళం. నేనప్పుడు మదరసా చదువు ముగించి, పిల్లలకు పాఠాలు చెప్పడం కొత్తగా మొదలుపెట్టాను. ఐరోపాలో బోస్నియా అనే దేశం ఉందనీ, అక్కడి మినార్ల నుంచి శతాబ్దాలుగా అజాన్ వినిపిస్తోందనీ మాలో చాలామందికి అప్పటిదాకా తెలియనే తెలియదు. ఉర్దూ పత్రికల్లో వచ్చిన వార్తలు నేను తెలుగులో చెబుతుంటే పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. 1995 డిసెంబరులో శాంతి ఒప్పందంపై సంతకాలయ్యాయి. యుద్ధం ఆగింది. మేం అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకున్నాం. ఆ తర్వాత బోస్నియాను మరిచిపోయాం.

తుపాకుల మోత ఆగిన మర్నాటి నుంచి అక్కడి ఆడవాళ్ళు ఎలా బతికారు? పిల్లలకు ఏం పెట్టారు? ఈ ప్రశ్న మేం అడగలేదు. ముప్పై ఏళ్ళ తర్వాత ఇప్పుడు అడగడానికి కారణం ఉంది. వితంతువులకు పని నేర్పడం, కుట్టు మిషన్లు పంచడం మన జకాత్ కమిటీలు ఏటా చేస్తున్న పుణ్యకార్యమే. అదే పని బోస్నియాలో చాలా పెద్ద ఎత్తున జరిగింది. అందులో ఏది నిలిచిందో, ఏది నిలవలేదో తెలుసుకుంటే మన డబ్బుకూ, మన అక్కచెల్లెళ్ళ శ్రమకూ మేలు జరుగుతుంది.

ఇల్లు దొరికింది, పని దొరకలేదు

బోస్నియా యుద్ధంలో దాదాపు లక్షమంది చనిపోయారు. ఇరవై లక్షల మందికి పైగా ఇల్లూ వాకిలీ వదిలి పారిపోయారు. తూర్పు బోస్నియా కొండల మధ్య ఉన్న స్రెబ్రెనిత్సా పట్టణాన్ని 1995 జూలైలో సెర్బు సైన్యం ఆక్రమించింది. కొద్ది రోజుల్లోనే ఎనిమిది వేలకు పైగా ముస్లిం పురుషులను, మగపిల్లలను చంపింది. అది జాతి నిర్మూలనేనని అంతర్జాతీయ న్యాయస్థానం 2007లో తేల్చి చెప్పింది. స్త్రీలను, పసిపిల్లలను, ముసలివారిని బస్సుల్లో, లారీల్లో ఎక్కించి వెళ్ళగొట్టారు. వారిలో ఎక్కువమంది తుజ్లా పట్టణ ప్రాంతానికి చేరారు.

ఆ కుటుంబాల స్థితి ఊహించండి. భర్త లేడు. కొడుకు లేడు. అన్నదమ్ములు లేరు. సంపాదించే చేయి ఒక్కటీ మిగలని ఇళ్ళు వందలాదిగా ఉన్నాయి. పైగా శవాలు దొరకలేదు. భర్త చనిపోయాడో, ఎక్కడైనా ఖైదులో ఉన్నాడో ఏళ్ళ తరబడి తెలియదు. ఆచూకీ తెలియని భర్తను ఫిఖహ్ గ్రంథాల్లో 'మఫ్ఖూద్' అంటారు. అతని భార్య విషయమై ఇమాములు ఎంత తర్జనభర్జన పడ్డారో మదరసాలో చదివిన ప్రతివారికీ తెలుసు. చదివినప్పుడు అదొక మస్‌అలా మాత్రమే. ఒక పట్టణంలో వేలమంది స్త్రీలు ఒకేసారి ఆ స్థితిలో పడితే, తాను భార్యో వితంతువో తెలియని మనిషి పెన్షను కాగితం ఎలా నింపాలి?

యుద్ధానికి ముందు ఆ ప్రాంతంలో గనులు ఉండేవి, ఫ్యాక్టరీలు ఉండేవి. స్రెబ్రెనిత్సా పక్కనున్న పొతొచారిలో బ్యాటరీలు తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. యుద్ధకాలంలో అది ఐక్యరాజ్యసమితి సైనికుల స్థావరమైంది. ఇప్పుడది ఆ హత్యాకాండ స్మారక కేంద్రం. 2000 సంవత్సరం తర్వాత చాలా కుటుంబాలు సొంత ఊళ్ళకు తిరిగి రావడం మొదలైంది. చట్టప్రకారం ఇళ్ళు వారికి దక్కాయి. కూలిన గోడలు మళ్ళీ లేచాయి. కానీ ఆ గోడల మధ్య కూర్చున్న ఆడమనిషికి వెళ్ళడానికి ఫ్యాక్టరీ లేదు, చేయడానికి ఉద్యోగం లేదు.

నూలు ఉండ చేసిన మేలు

యుద్ధం ఇంకా సాగుతుండగానే 1994లో తుజ్లాలో 'బోస్ఫామ్' అనే సంస్థ మొదలైంది. ఆక్స్‌ఫామ్ అనే బ్రిటిష్ సేవాసంస్థ దానికి చేయూతనిచ్చింది. దాన్ని నడిపిన మునీరా హజిచ్ అంతకుముందు స్రెబ్రెనిత్సాలో బడి నడిపిన ఉపాధ్యాయురాలు. నిర్వాసితులైన స్త్రీలు అక్కడ కూర్చుని ఊలు అల్లేవారు, తివాచీలు నేసేవారు. తర్వాతి కాలంలో తమవారి పేర్లు నేసిన గుడ్డ ముక్కలను ఒక్కటిగా కుట్టి స్మారక వస్త్రాలు తయారుచేశారు. జెనిత్సా పట్టణంలో 1993లో మోనికా హౌజర్ అనే వైద్యురాలు స్థానిక స్త్రీలతో కలిసి నెలకొల్పిన 'మెదికా' కేంద్రం కూడా అలాంటిదే. యుద్ధంలో అత్యాచారానికి గురైన స్త్రీలకు అక్కడ చికిత్సతో పాటు చేతిపనులూ నేర్పారు.

ఈ పనిని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్న మనిషిని ఒంటరిగా గదిలో వదిలేస్తే ఏమవుతుంది? నలుగురితో కలిసి కూర్చోబెట్టి చేతికి నూలు ఇస్తే, వేళ్ళు కదులుతాయి. కాసేపటికి నోరు కదులుతుంది. ఎప్పుడో ఒకనాడు కన్నీరు బయటికి వస్తుంది. తనలాంటి వాళ్ళు మరో పదిమంది ఉన్నారని తెలుస్తుంది. ఇది మందు. డాక్టరు చీటీలో దొరకని మందు.

అయితే మందు వేరు, అన్నం వేరు. ఈ రెంటినీ ఒకటిగా భావించడం దగ్గరే పొరపాటు జరిగింది.

1996లో అమెరికా ప్రభుత్వం ఇచ్చిన 50 లక్షల డాలర్లతో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ బోస్నియా స్త్రీల కోసం ప్రత్యేక పథకం ప్రారంభించింది. దాని కింద ఎన్నో చిన్న చిన్న కార్యక్రమాలు నడిచాయి. ఇతర సంస్థలూ ఇలాంటివే పెట్టాయి. వీటిలో ఎక్కువ భాగం కుట్టు, అల్లికల తరగతులే. ఎందుకంటే అవి పెట్టడం తేలిక. గది ఒకటి, మిషన్లు కొన్ని, నేర్పే మనిషి ఒకరు ఉంటే చాలు. మూడు నెలల్లో కోర్సు పూర్తవుతుంది. ఇంతమందికి శిక్షణ ఇచ్చామని డబ్బిచ్చిన వారికి లెక్క చూపించవచ్చు.

మరి ఆ స్వెటర్లు కొన్నదెవరు? ఎక్కువగా అక్కడికి వచ్చిన విదేశీ ఉద్యోగులు, వారి మిత్రులు. యుద్ధం నుంచి బయటపడ్డ పేద దేశంలో చేతితో అల్లిన ఖరీదైన స్వెటరు కొనే పొరుగువాడు ఎక్కడున్నాడు? బజారులో విదేశాల నుంచి దిగిన చవక బట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. కొన్నేళ్ళకు ప్రపంచం దృష్టి వేరే యుద్ధాల మీదికి మళ్ళింది. విదేశీయులు సామాను సర్దుకున్నారు. వారితో పాటే గిరాకీ వెళ్ళిపోయింది. పని నేర్చిన చేతులు మాత్రం అక్కడే ఉండిపోయాయి.

పండ్ల తోట చెప్పిన పాఠం

స్రెబ్రెనిత్సాకు పది కిలోమీటర్ల దూరంలో బ్రాతునాత్స్ అనే పట్టణం ఉంది. 2003లో అక్కడ రాదా జార్కోవిచ్ అనే మహిళ, స్కెందర్ హోత్ అనే సహచరునితో కలిసి ఒక రైతు సహకార సంఘం స్థాపించారు. పేరు 'ఇన్‌సియెమె'. ఇటలీ భాషలో 'కలిసికట్టుగా' అని అర్థం. వీరు ఎంచుకున్నది అల్లిక కాదు, రాస్ప్‌బెర్రీ సాగు. ముళ్ళ కొమ్మలకు కాసే చిన్న ఎర్రటి పండు అది. యుద్ధానికి ముందు నుంచే ఆ కొండవాలుల్లో పండేది. ఊరికి తిరిగొచ్చిన ఆడవాళ్ళకు ఆ పంట కొత్త కాదు. దానికి పెద్ద కమతం అక్కర్లేదు, ఇంటి వెనుక కొద్దిపాటి నేల ఉన్నా చాలు. పండ్లు చేత్తోనే కోయాలి కాబట్టి ట్రాక్టరు లేని వాళ్ళకూ వీలవుతుంది. అన్నిటికీ మించి ఐరోపా అంతటా కొనేవాళ్ళున్నారు.

కష్టం ఒకటుంది. ఆ పండు కోసిన తర్వాత రెండు రోజులు కూడా నిలవదు. ఒంటరి వితంతువు బుట్ట పట్టుకుని దారిపక్కన నిలబడితే, సాయంత్రమయ్యే సరికి దళారి చెప్పిందే ధర. అందుకే సంఘం శీతల గిడ్డంగి పెట్టుకుంది. సభ్యుల దగ్గర పండ్లు కొని, గడ్డకట్టించి భద్రపరిచి, విదేశాలకు అమ్మింది. జాములు తయారుచేసి ఇటలీ దుకాణాలకు పంపింది. వందలాది కుటుంబాలు అందులో చేరాయి. అన్నిటికంటే ఆశ్చర్యకరమైన విషయం ఏమిటంటే, భర్తలను పోగొట్టుకున్న ముస్లిం స్త్రీలూ, అదే యుద్ధంలో తమవారిని పోగొట్టుకున్న సెర్బు స్త్రీలూ ఒకే బల్ల ముందు నిలబడి పండ్లు ఏరారు. శాంతి గురించి ఉపన్యాసం చెప్పి ఎవరూ వారిని అక్కడికి రప్పించలేదు. పని రప్పించింది.

ఇది కష్టాలు లేని కథ అని అనను. పండు ధర ఒక ఏడు పెరుగుతుంది, మరో ఏడు పడిపోతుంది. వాన ఎక్కువైతే పంట పోతుంది. ఏ సంఘానికీ శాశ్వత హామీ ఉండదు. అయినా తేడా గమనించండి. అల్లిక తరగతి పెట్టినవారు 'ఈమెకు ఏం నేర్పగలం?' అని అడిగారు. పండ్ల సంఘం వారు 'ఇక్కడి నుంచి ఎవరు ఏం కొంటారు?' అని ముందు అడిగి, అక్కడి నుంచి వెనక్కి నడుచుకుంటూ ఆ స్త్రీ గుమ్మానికి వచ్చారు. శిక్షణ విజయవంతం కావడమూ, కాకపోవడమూ ఈ ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంది.

అప్పు ఇస్తే సరిపోదు

'నేర్పాం, ఇక అప్పు ఇస్తే వ్యాపారం వాళ్ళే పెట్టుకుంటారు' అనేవారూ ఉన్నారు. బోస్నియాలో 1996 చివరి నుంచి ప్రపంచ బ్యాంకు సహాయంతో సూక్ష్మరుణ సంస్థలు వెలిశాయి. మొదట్లో చాలామందికి మేలు జరిగింది. ఆవు కొన్నారు, చిన్న దుకాణం పెట్టుకున్నారు. సంస్థలు పెరిగి, పోటీ పెరిగి, ఒకే మనిషికి రెండు మూడు చోట్ల అప్పు ఇవ్వడం మొదలయ్యేసరికి 2009 నాటికి బోస్నియా అప్పుల సంక్షోభంలో చిక్కుకుంది. తీసుకున్నవారే కాక, వారికి జామీను సంతకం చేసిన బంధువులూ, ఇరుగుపొరుగూ జీతాల్లోంచి కట్టాల్సి వచ్చింది.

ఆ మరుసటి ఏడాదే మన రాష్ట్రంలో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. వారం వారం కిస్తీ కట్టలేక స్త్రీలు ప్రాణాలు తీసుకున్న వార్తలు వచ్చాయి. 2010 అక్టోబరు 15న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. వడ్డీ హరామ్ అని మనం మింబరు మీద నుంచి చెబుతూనే ఉన్నాం. కానీ ఆ మాట చెప్పినవాళ్ళం గిరాకీ లేని చేతికి వడ్డీ లేని దారి ఏది చూపించాం? ఆమె వారం కిస్తీ మనిషి దగ్గరికి వెళ్ళిందంటే, అంతకుముందు మన గుమ్మం తట్టి ఉత్త చేతులతో తిరిగి వెళ్ళి ఉంటుంది.

గొడ్డలి కథ మనకు తెలియనిదా?

ఒక అన్సారీ సహాబీ దైవప్రవక్త (స) వద్దకు యాచించడానికి వచ్చిన సంఘటన హదీసు గ్రంథాల్లో ఉంది. ఇంట్లో ఏముందని ప్రవక్త (స) అడిగారు. ఒక దుప్పటి, నీళ్ళు తాగే పాత్ర తప్ప ఏమీ లేవన్నాడాయన. వాటిని తెప్పించి వేలం వేస్తే రెండు దిర్హములు వచ్చాయి. ఒక దిర్హముతో ఇంటివారికి భోజనం కొనమని, రెండోదానితో గొడ్డలి కొని తెమ్మని చెప్పారు. ఆ గొడ్డలికి స్వయంగా పిడి బిగించి ఇచ్చారు. కట్టెలు కొట్టి అమ్ముకొమ్మనీ, పదిహేను రోజుల దాకా కనిపించవద్దనీ ఆదేశించారు. గడువు తీరాక ఆయన పది దిర్హములతో తిరిగి వచ్చాడు.

యాచన మంచిది కాదని చెప్పడానికే మనం ఈ సంఘటనను ఖుత్బాలో వాడుకుంటాం. దాని పద్ధతిని గమనించం. ముందు ఇంట్లో ఆకలి తీర్చారు, ఆ తర్వాతే పనిముట్టు. ఇచ్చిన పని మదీనాలో ప్రతి పొయ్యికీ అవసరమైనది, అంటే గిరాకీ ఉన్నది. గొడ్డలి ఆయన సొంత డబ్బుతో కొన్నదే, ఆయనదే. పంపించి ఊరుకోలేదు, ఒక గడువు పెట్టి ఫలితం చూశారు. పద్నాలుగు వందల ఏళ్ళ క్రితం చూపిన ఈ మార్గాన్ని మనం ఎంతవరకు పాటిస్తున్నాం?

ఆడవారు సంపాదించడమేమిటి అనే సోదరులు ఇప్పటికీ ఉన్నారు. స్త్రీ సంపాదన స్త్రీదేనని దివ్య ఖుర్ఆన్ నాలుగో సూరా తేల్చింది. హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్‌ఊద్ (రజి) సతీమణి హజ్రత్ జైనబ్ (రజి) చేతిపనితో సంపాదించి భర్త మీదా, తన పోషణలో ఉన్న అనాథల మీదా ఖర్చుపెట్టేవారు. అందుకు ఆమెకు రెట్టింపు పుణ్యముందని ప్రవక్త (స) తెలియజేశారు. ఇక అఫ్ఘానిస్తాన్ సంగతి చూడండి. నాలుగు దశాబ్దాల యుద్ధాలు ఇంటింటా వితంతువులను మిగిల్చిన దేశమది. 2021 ఆగస్టులో అధికారానికి వచ్చిన తాలిబాన్ ప్రభుత్వం 2022 డిసెంబరులో సేవాసంస్థల్లో స్త్రీలు పనిచేయకుండా నిషేధించింది. 2023 జూలైలో స్త్రీలు నడిపే బ్యూటీ పార్లర్లు మూయించింది. 2024 డిసెంబరులో నర్సు, మంత్రసాని శిక్షణ కూడా ఆపించింది. పర్దా పాటించే ఇల్లాలికి కాన్పు చేయడానికి ఆడమనిషిని తయారుచేయకపోతే మరెవరు చేయాలి? మదరసాలో చదువుకున్నవాడిగా చెబుతున్నాను, ఆకలితో ఉన్న వితంతువు చేతిలోని పనిని లాక్కోవడం ధర్మసేవ కాజాలదు.

మన కమిటీల్లో ఏం జరుగుతోంది?

ఇక నా తప్పు నేను ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఒక రమజాను మాసంలో మా ఊరి కమిటీ ఆరుగురు వితంతువులకు కుట్టు మిషన్లు ఇచ్చింది. ఆ నిర్ణయంలో నేనూ ఉన్నాను. ఎమ్మెల్యేను పిలిచాం, ఫొటో తీయించాం, పత్రికలో వేయించాం. రెండేళ్ళ తర్వాత వేరే పనిమీద వారిలో ఒకరి ఇంటికి వెళ్ళాను. మిషను మీద దుప్పటి పరిచి ఉంది, దాని మీద పిల్లల పుస్తకాలున్నాయి. "ఏమ్మా, మిషను పాడైందా?" అని అడిగాను. "లేదు మౌల్వీసాబ్, నూనె వేస్తూనే ఉన్నాను. గుడ్డలే రావడం లేదు. మీరిచ్చినవి కలిపి ఈ గల్లీలో ఇంటికో మిషను ఉంది. ఎవరి గుడ్డలు ఎవరు కుట్టాలి?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఒకే గల్లీలో మూడు మిషన్లు ఇచ్చిన తెలివి మాదే.

ఆ మాట విన్నప్పటి నుంచి కమిటీలో కూర్చున్న ప్రతిసారీ నాలుగు ప్రశ్నలు అడుగుతున్నాను. మిమ్మల్నీ అడగమని కోరుతున్నాను.

మొదటిది, ఈమె చేసినది ఎవరు కొంటారు? ఊళ్ళోని బడి యూనిఫారాల ఆర్డరు మనం మాట్లాడి ఇప్పించగలమా? ఇప్పించగలిగితేనే మిషను. లేదంటే ఆసుపత్రిలో సహాయకురాలి పని, హోటళ్ళకు రొట్టెలు, పచ్చళ్ళు అందించడం, దుకాణంలో లెక్కలు, కంప్యూటరు పని... వీటిలో మన ఊరికి ఏది కావాలో బజారుకు వెళ్ళి కనుక్కోవాలి. రెండోది, నేర్చుకునే నెలల్లో ఆమె ఇల్లు ఎలా గడుస్తుంది? రోజుకూలి మానుకుని తరగతికి వచ్చే మనిషికి ఆ కాలానికి ఖర్చులు ఇవ్వాలి, చంటిపిల్లలను చూసే మనిషిని పెట్టాలి. మూడోది, వస్తువు ఎవరి పేరున ఉంది? జకాత్ చెల్లాలంటే పేదవారిని యజమానిని చేయడం, అంటే 'తమ్లీక్', షరతు. మిషను కమిటీదనీ, బ్యాంకు పుస్తకం బావమరిదిదనీ అంటే కుదరదు. నాలుగోది, ఆరు నెలల తర్వాత ఆమె ఇంటికి ఎవరు వెళ్ళి చూస్తారు? ఆ పేరు ఈ రోజే రాసుకోవాలి.

ఇంకొక మాట. ముసలివారూ, జబ్బుపడ్డవారూ, మనసు విరిగి ఇంకా కోలుకోనివారూ ఉంటారు. వారిని పని నేర్చుకోమని బలవంతపెట్టడం దయ కాదు. వారికి నెలనెలా సాయం అందవలసిందే. శిక్షణ పేరు చెప్పి సహాయాన్ని ఎగ్గొట్టకూడదు.

1990 డిసెంబరులో హైదరాబాదు పాతబస్తీ అల్లర్లను చూసిన వారికి, ఇంటి పెద్ద పోయిన గుమ్మంలో వచ్చే మొదటి ప్రశ్న ఏమిటో తెలుసు. సిరియాలో, సూడాన్‌లో, గాజాలో లక్షలాది ఇళ్ళ ముందు అదే ప్రశ్న ఉంది. మనం మళ్ళీ దుఆ చేస్తున్నాం, చందాలు పోగుచేస్తున్నాం. మంచిదే. బోస్నియా విషయంలో చేసినట్టు యుద్ధం ఆగిన రోజున మరిచిపోకుండా ఉంటే చాలు. అంతకంటే ముందు మన గల్లీలో దుప్పటి కప్పిన మిషను దగ్గరికి ఒకసారి వెళ్ళి, "అమ్మా, గుడ్డలు వస్తున్నాయా?" అని అడుగుదాం.

వితంతువుల కోసం, అనాథల కోసం పాటుపడేవారిలో అల్లాహ్ మనల్ని చేర్చుగాక! ఇచ్చే చేతికి ఆలోచననూ, పుచ్చుకున్న చేతికి బర్కత్‌నూ ప్రసాదించుగాక! ఆమీన్.